బస్టాపు మాది, బస్సు మాత్రం కాదు

హైదరాబాదు కార్పొరేషన్ ఎన్నికల్లో అభ్యర్థులు మనల్ని ఎక్కిస్తామని చెప్పని వాహనం విమానం ఒక్కటే. ఆ లోటు తెలియనివ్వకుండా విమానాశ్రయం గుమ్మం దాకా మెట్రోలో దించుతామన్నారు. 2020 డిసెంబరు 1న జరిగిన గ్రేటర్ ఎన్నికల సంగతి ఇది. 150 డివిజన్లు, 1,122 మంది అభ్యర్థులు, 74 లక్షల పైచిలుకు ఓటర్లు. కరోనా ధర్మమా అని మిషన్లను పక్కన పెట్టి కాగితం బ్యాలెట్లు అచ్చు వేయించారు. ఓటు సంగతి మరిచిపోయి ఆ కాగితాన్ని ఊరికే చూస్తే రవాణా శాఖ గోడపత్రికలా ఉంటుంది. ఒక పార్టీది కారు. ఒక పార్టీది సైకిలు. ఇంకొకరిది గాలిపటం, అంటే ఆకాశమార్గం కూడా ఖాళీగా లేదన్నమాట. చెయ్యి గుర్తు ఉండనే ఉంది, ఆటో ఆపుకోవడానికి. కమలానికి నీళ్లు కావాలి గదా అంటారా, ఆ అక్టోబరులో వరదొచ్చి కాలనీల్లో పడవలు తిరిగాయి. ఆ నెలలో నగరానికి అక్కరకొచ్చిన వాహనం నిజానికి పడవే. మేనిఫెస్టోలు రాసినవాళ్లు దాన్నొక్కదాన్నీ ఎందుకు మరిచిపోయారో తెలియదు.

ఎవరేం ఇస్తామన్నారో ఒకసారి గుర్తు చేసుకుందాం. అప్పటి అధికార పార్టీ టీఆర్‌ఎస్ రాయదుర్గం నుంచి శంషాబాదు విమానాశ్రయానికి మెట్రో అంది, స్తంభాల మీద బస్సులు నడిచే బీఆర్‌టీఎస్ అంది, ఉన్న ఫ్లైఓవర్లు చాలనట్టు మరిన్ని ఫ్లైఓవర్లు అంది. బీజేపీ సిటీ బస్సుల్లోనూ మెట్రోలోనూ మహిళలకు టికెట్టే ఉండదంది. వరదలో బండ్లు కొట్టుకుపోయాయి కనుక బైకు పోయినవారికి బైకు, కారు పోయినవారికి కారు అని కూడా అంది. ఈ మాట అన్న రాష్ట్ర అధ్యక్షుడి ఇంటిపేరు బండి కావడం ఉత్త కాకతాళీయం. ట్రాఫిక్ చలాన్లు మీరు కట్టనక్కర్లేదు, కార్పొరేషనే కడుతుందన్న హామీ కూడా ఆయనదే. ముగ్గురెక్కిన బండికి పడ్డ జరిమానాను బండే లేనివాడు కట్టిన ఆస్తిపన్నుతో తీర్చడమన్నమాట. అత్త సొమ్ము అల్లుడు దానం చేయడం ఇదివరకు చూశాం గాని, అత్త సొమ్ముతో అల్లుడి చలాన్లు కట్టడం కొత్త. సరే, ఏ పార్టీ హామీ మంచిది, ఏది చెడ్డది అన్న పంచాయితీ నాకొద్దు. నాకున్న పేచీ ఒక్కటే. ఈ పట్టీలో దాదాపు ఏదీ కార్పొరేషన్ కొట్లో దొరికే సరుకు కాదు. ఆ కొట్లో నిజంగా ఉన్న సరుకు గురించి ఊరేగింపుల్లో ఎవరూ నోరెత్తలేదు. మనమూ అడగలేదు.

ఇది నా సొంత కవిత్వం కాదు. 1992లో పార్లమెంటు ఆమోదించిన 74వ రాజ్యాంగ సవరణ, పురపాలక సంఘాలకు అప్పగించదగిన పనులు ఇవీ అంటూ పన్నెండో షెడ్యూలులో 18 అంశాల జాబితా ఇచ్చింది. నాలుగో అంశం రోడ్లు, వంతెనలు. పద్నాలుగోది శ్మశానాలు. పదిహేనులో బందెలదొడ్లు కూడా ఉన్నాయి, రోడ్డున పడ్డ పశువులను కట్టేసేందుకు. పదిహేడులో వీధి దీపాలు, పార్కింగు స్థలాలు, బస్టాపులు. అటు తిప్పి ఇటు తిప్పి ఎన్నిసార్లు చదివినా బస్సు అన్న మాట మాత్రం లేదు. బస్టాపు ఉంది, బస్సు లేదు. రాజ్యాంగం రాసేవాళ్లకు హాస్యప్రియత్వం ఉండదని ఎవరన్నారు? బస్సు ఆర్టీసీది, ఆర్టీసీ రాష్ట్ర ప్రభుత్వానిది. 1932లో నిజాం రైల్వే వాళ్లు 27 బస్సులతో ఆ శాఖను మొదలుపెట్టిన రోజున కూడా అది బల్దియాది కాదు. ఎంఎంటీఎస్ 2003లో పట్టాలెక్కింది, ఆ పట్టాలు రైల్వేవి. 2017లో మొదలైన మెట్రో, రాష్ట్ర ప్రభుత్వం ఎల్‌అండ్‌టీతో ఒప్పందం రాసుకుని కట్టించుకున్నది. ట్రాఫిక్ పోలీసు హోంశాఖ మనిషి. ఆటో పర్మిట్టు రవాణా శాఖది. ఆటో మీటరు చార్జీ రాష్ట్ర ప్రభుత్వం నిర్ణయిస్తుంది, అసలు చార్జీ డ్రైవరు నిర్ణయిస్తాడు. ఇన్ని చేతులు పడ్డ ఈ విస్తట్లో కార్పొరేటరు వేలు పెట్టేందుకు మిగిలింది అంచునున్న పచ్చడి. ఆ పచ్చడి పేరే బస్టాపు.

ఆ పచ్చడైనా ఎలా ఉందో దగ్గర నుంచి చూడండి. పందిరి మనం వేస్తాం, పెళ్లికొడుకును తెచ్చేది వేరేవాళ్లు, అతనేమో ఏ పందిరి ముందు దిగాలనిపిస్తే అక్కడ దిగుతాడు. నగరంలో ఏ బస్టాపైనా తీసుకోండి. కార్పొరేషన్ కట్టించిన స్టీలు షెల్టరు ఉంటుంది. కూర్చోవడానికి బల్ల కాదు, ఆనుకోవడానికి వాలుగా వేసిన ఒక గొట్టం. దానిమీద కూర్చుంటే జారిపోతాం, నిలబడితే నడుముకు గుచ్చుకుంటుంది. వెనుక గోడంత ప్రకటన, అందులో నగల దుకాణం వారి చిరునవ్వు. ఏ నంబరు బస్సు ఆగుతుందో చెప్పే బోర్డు మాత్రం ఉండదు, ఉంటే అరచేయంత. షెల్టరు ముందు అయిదారు షేర్ ఆటోలు బారులు తీరి ఉంటాయి కనుక 127కె వచ్చి రోడ్డు మధ్యలో, షెల్టరుకు పాతిక అడుగుల అవతల ఆగుతుంది. జనం సంచులు, పిల్లలతో సహా అటు పరుగెత్తుతారు. వెనకున్న కార్లు హారన్లు కొడతాయి. మెట్టు మీద ఒక కాలు, రోడ్డు మీద ఒక కాలు ఉండగానే కండక్టరు రైట్ రైట్ అంటాడు. షెల్టరు మళ్లీ ఖాళీ. ఇలాంటి ఊళ్లో 2018లో ఖైరతాబాదు దగ్గర ఏసీ బస్టాపు ప్రారంభించారు. చల్లగా కూర్చోవచ్చు, ఫోను చార్జింగు పెట్టుకోవచ్చు. చల్లగా కూర్చున్నాక వచ్చేది మాత్రం కిటికీలోంచి వడగాలి కొట్టే ఆర్డినరీ బస్సు. తన చేతిలో ఉన్నది బస్టాపు ఒక్కటే అయినప్పుడు, ఉన్న ముచ్చటంతా దానిమీదే తీర్చుకుంటుంది పాపం కార్పొరేషన్. తప్పు పట్టలేం.

బస్సుతో తనకు సంబంధం లేదన్న సంగతి కార్పొరేషన్‌కు తెలియదనుకుంటున్నారా? బ్రహ్మాండంగా తెలుసు. ఈ ఎన్నికలకు ఏడాది ముందు, 2019 అక్టోబరు 5న, ఆర్టీసీ కార్మికులు సమ్మె కట్టారు. 52 రోజులు సాగింది. ఆ వ్యవహారం హైకోర్టుకు చేరాక ఒక పాత పద్దు బయటపడింది. సిటీ బస్సులు నడిపి తెచ్చుకున్న నష్టాల కింద కార్పొరేషన్ నుంచి 1,492 కోట్ల రూపాయలు రావాలని ఒక లెక్క. అంతకుముందు 336 కోట్లు ఇచ్చిన మాట నిజమే. మిగతాదానికి కార్పొరేషన్ చెప్పిన జవాబు ఏమిటయ్యా అంటే, చట్టం ప్రకారం మా దగ్గర మిగులుంటేనే ఇవ్వాలి, మిగులు లేదు, కనుక మేం ఇవ్వాల్సిందీ లేదు. న్యాయమైన మాటే. చేతిలో లేని బండికి డీజిల్ ఎవరు పోయిస్తారు? తమాషా ఏమిటంటే, బస్సు నష్టం మాది కాదని కోర్టులో చెప్పిన ఆ సంస్థకే ఏడాది తిరిగేసరికి ఎన్నికలొచ్చి, దాని కుర్చీల కోసం పోటీ పడేవాళ్లు ఆ బస్సులోనే ఉచితంగా ఎక్కిస్తామన్నారు. ఇంటి పెద్ద అప్పు మాది కాదంటుంటే పక్క గదిలో కుర్రవాడు ఊరందరినీ భోజనానికి పిలిచినట్టు ఉంది. పిలిచినవాడిని అనాలా, ఆకు పట్టుకుని వెళ్లిన మనల్ని అనాలా?

చలాన్ల కథ ఇంకా సొగసైనది. అది కార్పొరేషన్ వల్ల అయ్యే పని కాదన్నవాళ్లను అందరూ అనుమానపు పక్షులన్నారు. తీరా 2022 మార్చిలో చలాన్లు నిజంగానే తగ్గాయి. తగ్గించింది కార్పొరేషన్ కాదు, జరిమానా వేసిన పోలీసులే. ఆషాఢం సేల్ పెట్టినట్టు ద్విచక్ర వాహనాలకు 75 శాతం తగ్గింపు, కార్లకు 50 శాతం అని ప్రకటించి, గడువు పొడిగించి మరీ వసూలు చేశారు. 2023 డిసెంబరులో మళ్లీ సేల్. ఈసారి బైకులకు 80 శాతం, ఆర్టీసీ బస్సులకు, తోపుడు బండ్లకు 90 శాతం. తోపుడు బండి ఏ మూలమలుపు దగ్గర ఓవర్ స్పీడులో దొరికిందో నాకు అంతు చిక్కలేదు గాని, ప్రభుత్వ పోలీసులు ప్రభుత్వ బస్సుకు వేసిన జరిమానాను ప్రభుత్వమే 90 శాతం మాఫీ చేసుకోవడం చూస్తే ఎడమచేయి కుడిచేతికి అప్పివ్వడం జ్ఞాపకం వస్తుంది. ఇంతకీ ఈ రెండు సేళ్లలో ఏ కార్పొరేటరు సంతకమూ అవసరం పడలేదు. 150 డివిజన్లలో ఎవరు గెలిచినా, ఎవరు ఓడినా ఆ తగ్గింపు వచ్చేదే.

ఇక్కడ లోకజ్ఞానం ఉన్నవాళ్లు అడ్డం వస్తారు. అయ్యా, అభ్యర్థి వెనుక పార్టీ ఉంటుంది, పార్టీకి రాష్ట్రంలోనో ఢిల్లీలోనో సర్కారు ఉంటుంది, కార్పొరేటరు అడుగుతాడు, పైవాళ్లు చేస్తారు, ఆ మాత్రం తెలియదా అంటారు. తెలుసు. కానీ జరిగినది చూడండి. మహిళలకు ఉచిత బస్సు వచ్చింది. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణ అంతటా మహాలక్ష్మి పథకం కింద వచ్చింది. తెచ్చింది గ్రేటర్‌లో 48 డివిజన్లు గెలిచిన బీజేపీ కాదు, 56 గెలిచిన టీఆర్‌ఎస్ కాదు, 44 గెలిచిన మజ్లిస్ కాదు. 150లో రెండంటే రెండు గెలిచిన కాంగ్రెస్. అసెంబ్లీ ఎన్నికల్లో గెలిచింది, తెచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15న స్త్రీశక్తి పేరుతో వచ్చిన ఉచిత ప్రయాణం కూడా అసెంబ్లీ ఎన్నికల హామీయే, ఏ మునిసిపల్ వార్డులోనూ పుట్టలేదు. పోనీ రాష్ట్రం చేతిలో ఉన్న పార్టీయే కార్పొరేషన్ కూడా గెలిస్తే? ఆ ప్రయోగమూ అయింది. విమానాశ్రయ మెట్రోకు 2022 డిసెంబరులో శంకుస్థాపన జరిగింది, 31 కిలోమీటర్లు, 6,250 కోట్లు అన్నారు. ఏడాది తిరిగేసరికి సర్కారు మారింది, ఆ దారి వద్దు, వేరే దారి అన్నారు. రాయి వేసిన చోట రాయి మిగిలింది. ఈ కథలో మేయరు ఎక్కడున్నారు, కార్పొరేటరు ఎక్కడున్నాడు? శంకుస్థాపనలో రెండో వరసలో.

రెండో అభ్యంతరానికి కొంచెం మర్యాద ఇవ్వాలి, ఎందుకంటే అందులో పస ఉంది. నగర సంస్థలు బస్సులు నడపకూడదని ఏ దేవుడూ రాయలేదు. 1947లో బొంబాయి కార్పొరేషన్ బస్సులు నడిపే బెస్ట్ సంస్థను తన చేతిలోకి తీసుకుంది. అదే ఏడాది అహ్మదాబాదు కార్పొరేషన్ ఏఎంటీఎస్ బస్సులు మొదలుపెట్టింది. అక్కడి అభ్యర్థి బస్సు టికెట్టు గురించి మాట్లాడితే అది హామీ అవుతుంది, మన దగ్గర మాట్లాడితే హరికథ అవుతుంది. లండన్‌లో అయితే రవాణా సంస్థ నేరుగా మేయరు కింద ఉంటుంది. 2000లో అక్కడ మేయరుగా పోటీ చేసిన కెన్ లివింగ్‌స్టన్, ఊరి నడిబొడ్డుకు కారు తెస్తే డబ్బు కట్టాలని ముందే చెప్పి గెలిచాడు. 2003 ఫిబ్రవరి 17 నుంచి రోజుకు 5 పౌండ్లు వసూలు చేశాడు, 2004లో మళ్లీ గెలిచాడు. మన దగ్గర ఎవరైనా ఇలాంటి హామీతో నామినేషన్ వేయడానికి బయల్దేరితే ఇంట్లోవాళ్లు ముందు డాక్టరు దగ్గరకు తీసుకెళ్తారు. కాబట్టి బస్సును కార్పొరేషన్‌కు అప్పగించాలని ఎవరైనా అంటే, ఆ బస్సుతో పాటు దాని నష్టాన్ని, డీజిలు ఖర్చును, డ్రైవర్ల జీతాలను భరించే ఆదాయం కూడా అప్పగించమని నేనూ గొంతు కలుపుతాను. అలాంటి అభ్యర్థి, అధికారం మాకివ్వండని పైవాళ్లతో పోట్లాడతానని చెప్పి ఓటడిగితే అది నిజాయితీ గల రవాణా విధానం. 2020 ప్రచారం హోరులో అలాంటి మాట నా చెవిన పడలేదు. లేని అధికారాన్ని ఉన్నట్టే ఖర్చు పెట్టేశారు.

మూడో అభ్యంతరం ఫ్లైఓవర్లది. అవి కార్పొరేషన్ చేతిలోవే కదా అంటే, అవును, ఒప్పుకోక తప్పదు. పన్నెండో షెడ్యూలులో వంతెనలున్నాయి. గ్రేటర్ వాటికోసం 2018లో బాండ్లు అమ్మి 8.9 శాతం వడ్డీకి 200 కోట్ల అప్పు కూడా తెచ్చింది. కానీ దుర్గం చెరువు తీగల వంతెన సంగతి చూడండి. సుమారు 184 కోట్లు పెట్టి కట్టి, ఎన్నికలకు రెండు నెలల ముందు, 2020 సెప్టెంబరు 25న తెరిచారు. మాదాపూరు ట్రాఫిక్ తీరుతుందన్నారు. తెరిచిన నాటి నుంచి జనం గుంపులుగా వచ్చి వంతెన మీద నడవడం మొదలుపెట్టారు. పిల్లల్ని ఎత్తుకుని, ఐస్‌క్రీములు పట్టుకుని, ఫొటోలు దిగుతూ. చివరికి పోలీసులకు వేరే దారి లేక శని, ఆదివారాల్లో వంతెన మీద బండ్లు ఆపేశారు. బండ్ల కోసం కట్టిన వంతెన మీద బండ్లను నిషేధించాల్సి వచ్చిందని అందరూ నవ్వుకున్నారు గాని, నవ్వాల్సిన చోట నవ్వలేదు. ఒక మహానగరంలో లక్షల మందికి భయం లేకుండా, కాలికేమీ తగలకుండా, చంకలో పిల్లతో నాలుగడుగులు వేయడానికి దొరికిన సమతలమైన నేల 184 కోట్ల వంతెన ఒక్కటేనా? జనం అక్కడికి వచ్చింది వంతెన చూడ్డానికని ఇంజనీర్లు అనుకున్నారు. నా అనుమానం, ఫుట్‌పాత్ ఎలా ఉంటుందో చూద్దామని వచ్చారు. బండ్లను కాదు, మనుషులను కదిలించాలని 2006లోనే జాతీయ పట్టణ రవాణా విధానం చెప్పింది. మన జనం దాన్ని చదవకుండానే అమలు చేసి చూపించారు, రెండు రోజుల చొప్పున.

మాటలు కోటలు దాటుతాయి గాని కాలు గడప దాటదని సామెత. హైదరాబాదులో కాలు గడప దాటకపోవడానికి కారణం బద్ధకం కాదు, గడప అవతల కాలు పెట్టే చోటు లేకపోవడం. మెట్రో ఎక్కేవాడైనా, బస్సు ఎక్కేవాడైనా, ఉచితంగా ఎక్కే ఆడపడుచైనా ముందు అక్కడిదాకా నడవాలి. ఆ నడిచే నేల మాత్రం ఏ ఆర్టీసీదీ, ఏ రైల్వేదీ కాదు, నూటికి నూరుపాళ్లూ కార్పొరేషన్‌దే. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ చెప్పిన కొలతలు పెద్ద రహస్యమేమీ కావు. ఫుట్‌పాత్ మీద అడ్డు లేని వెడల్పు కనీసం 1.8 మీటర్లు ఉండాలి, అంచు రాయి ఎత్తు 150 మిల్లీమీటర్లు మించకూడదు. ఇప్పుడు టేపు పట్టుకుని బయల్దేరండి. ఎత్తు మోకాలి దాకా ఉంటుంది, బండ్లు ఎక్కకుండా ఎత్తు పెంచారట. బండ్లు ఎక్కుతూనే ఉన్నాయి, ముసలివాళ్లు ఎక్కలేకపోతున్నారు. ఎక్కినా నాలుగడుగులకో షాపు ర్యాంపు, దిగాలి. మళ్లీ ఎక్కితే కంచె వేసిన ట్రాన్స్‌ఫార్మరు, అది కరెంటువాళ్లది. దాటితే మ్యాన్‌హోల్ మూత, అది జలమండలిది. దాని పక్కన పైపు కోసం తవ్వి, మట్టితో కప్పి, ప్యాచ్ వర్క్ కోసం ఎదురుచూస్తున్న గుంట, అది ఎవరిదీ కాదు. నున్నటి రంగు టైల్సు వేసిన చోట చినుకు పడితే నడక కాదు, జారుడుబల్ల. తర్వాత వరసగా బైకులు, ఒక టిఫిను బండి, ఒక నాయకుడి విగ్రహం, చేయి చాచి దారి చూపిస్తూ. చూపించేది రోడ్డు వైపు. మనం కూడా మారుమాట్లాడకుండా రోడ్డు మీదకు దిగుతాం. ఆటంకాలు లేని ఫుట్‌పాత్ జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు 2025 మేలో చెప్పింది. రాజ్యాంగంలోని 21వ అధికరణం కింద కాపాడాల్సినంత ప్రమాదంలో మన నడక ఉందన్నమాట.

ఇంత సులువైన హామీ ఎవరూ ఎందుకివ్వరు? రాజకీయాలు తెలిసినవాళ్లు దీనికి జాలిగా నవ్వుతారు. ఫుట్‌పాత్‌కు ఓట్లు పడవు అంటారు. నా లెక్క వేరు. ఫుట్‌పాత్‌కు ఓట్లు పడకపోవడం కాదు, ఫుట్‌పాత్ మీదే ఓట్లున్నాయి. టిఫిను బండివాడు ఓటరు, ర్యాంపు కట్టుకున్న షాపాయన ఓటరు, బైకు పెట్టినవాడు ఓటరు. ఆటోవాళ్లకు యూనియన్ ఉంది, షాపులవాళ్లకు సంఘం ఉంది. నడిచేవాళ్లకు సంఘం లేదు, నడిచేవాడికి తాను నడిచేవాడినన్న సంగతే గుర్తుండదు. బండి కొనుక్కోలేకపోయిన రేపటి బండివాడిననుకుంటాడు. ఇక్కడ టిఫిను బండిని శత్రువును చేసి బుల్డోజరు పిలిచేవాళ్లంటే నాకు ఇంకా భయం. పొద్దున్నే ఆ ఇడ్లీ లేకపోతే సగం నగరం ఆఫీసుకు వెళ్లదు. వీధి వ్యాపారులకు చోటు గుర్తించి, గుర్తింపు కార్డులిచ్చి, పట్టణ వెండింగ్ కమిటీ వేసి నడిపించాలని 2014 చట్టం చెబుతోంది. ఆ పనీ కార్పొరేషన్‌దే. అంటే బండికి ఒక చోటు, కాలికి ఒక చోటు గీసి ఇవ్వడం, పార్కింగుకు చోటు చూపించి ఆ తర్వాత జరిమానా అడగడం, గుంట తవ్వినవాడి చేతనే పూడ్పించడం. ఇవేవీ మెట్రో అంత గొప్పగా ఫ్లెక్సీ మీద కనపడవని తెలుసు. ఫుట్‌పాత్ ముందు నిలబడి ఫొటో దిగిన నాయకుడు రోడ్డు మరమ్మతు మేస్త్రీలా కనిపిస్తాడు. అయినా అడగవచ్చు గదా. ఆ ఎన్నికల్లో పోలింగు సగం కూడా దాటలేదు. ఇంటి నుంచి పోలింగు బూత్ దాకా నడిచే దారి ఎలా ఉందో ఎవరైనా పరిశీలించారా అని నాకో సందేహం.

వింతేమిటంటే, తెలుగువాళ్లంత నడక తెలిసిన రాజకీయం ఇంకెక్కడా లేదు. వైఎస్ రాజశేఖరరెడ్డి 2003లో చేవెళ్ల నుంచి ఇచ్ఛాపురం దాకా 1,400 కిలోమీటర్లకు పైగా నడిచి ముఖ్యమంత్రి అయ్యారు. చంద్రబాబు నాయుడు 2012, 2013లలో 2,800 కిలోమీటర్ల దాకా నడిచారు. జగన్ 3,648 కిలోమీటర్లు నడిచి 2019లో గెలిచారు. చెయ్యి గుర్తు, సైకిలు గుర్తు, ఫ్యాను గుర్తు, ఏ గుర్తువాళ్లయినా చివరికి కాళ్లనే నమ్ముకున్నారు. ఇంతమంది మహానుభావులు ఇన్ని వేల కిలోమీటర్లు నడిచిన నేల మీద నడవడానికి పక్కన ఒక గజం చోటు మిగల్లేదు. మిగలకపోవడానికి కారణం కనిపెట్టడం కష్టం కాదు. పాదయాత్ర ఫుట్‌పాత్ మీద చేయరు. నడిరోడ్డున చేస్తారు, ముందు డప్పులు, పక్కన తాడు పట్టుకున్న పోలీసులు, వెనుక ఆగిపోయిన ట్రాఫిక్. నడకంటే ఇంత హాయిగా ఉంటుందా అనిపిస్తుంది వాళ్లకు.

కార్పొరేటరు అభ్యర్థి ప్రచారం కూడా దానికి చిన్న నమూనాయే. ఒక సాయంత్రం ఏ బస్తీ మెయిన్ రోడ్డునైనా చూడండి. మెడ నిండా బంతిపూల దండలు, చేతులు జోడించి అభ్యర్థి రోడ్డు మధ్య నుంచి వస్తుంటాడు. వెనుక యాభై మంది, ఆ వెనుక ఆగిపోయిన 218 బస్సు, అందులోంచి కిటికీకి తల ఆనించి చూస్తున్న మహిళలు. డీజే ఆటోలో మెట్రో పాట. ఫుట్‌పాత్ మీద టిఫిను బండాయన అట్లకాడ పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని, అభ్యర్థికి ఒక ప్లేటు మిర్చి బజ్జీ అందిస్తాడు. అభ్యర్థి తీసుకోవడానికి ఫుట్‌పాత్ ఎక్కబోతాడు. ఎత్తు ఎక్కువ, ఎక్కలేడు. అనుచరులు ఇద్దరు చెరో చంకలో చేయి వేసి పైకి లేపుతారు. పైన నిలబడేందుకు చోటు వెతుక్కుంటూ ఒక కాలు ట్రాన్స్‌ఫార్మరు దిమ్మె మీద, ఒక కాలు ఎవరిదో బైకు స్టాండు మీద పెట్టి, బజ్జీ కొరుకుతూ, మైకు అందుకుంటాడు. ఈ డివిజన్‌కు మెట్రో తెచ్చి తీరతానంటాడు.